క్యాసెట్ మీద 9999 ఆటలు

(విజయనగరంలో ఒక గ్రంథాలయం చదువుగదిలో ఆదివారం సాయంత్రం ఒక లెక్కల టీచరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ, "ఈవిడ హైస్కూల్లో లెక్కలు చెబుతారు, అయినా వీడియో గేములు ఆడతారు" అన్నారు. ఆ 'అయినా' దగ్గర ముందు వరుసలో ఇద్దరు నవ్వారు. నేను చూశాను మేష్టారూ. (నవ్వులు) పర్వాలేదు. ఇరవయ్యేళ్ళుగా వింటున్న 'అయినా' అది. చదరంగం ఆడితే ఎవరూ 'అయినా' అనరు. మా అమ్మమ్మ వామనగుంటల్లో చింతపిక్కలు పంచుతూ మధ్యాహ్నాలు గడిపేసేది, ఆవిణ్ణీ ఎవరూ అనలేదు. తెరమీద ఆడితేనే వస్తుంది ఆ మాట.

పెద్దలున్నారు కాబట్టి మనకు బాగా తెలిసిన ఆటతోనే మొదలుపెడతాను. వైకుంఠపాళి మన దేశం నుంచి ఇంగ్లండు వెళ్ళి, అక్కడ పాపం పుణ్యం కొంత రాలిపోయి, పాములూ నిచ్చెనలూ మాత్రం మిగిలాయి. పచ్చీసు కూడా అలాగే వెళ్ళింది. 1896లో అక్కడ దానికి లూడో అని పేటెంటు తీసుకున్నారు. 2016లో బొంబాయి కంపెనీ ఒకటి దాన్నే లూడో కింగ్ పేరుతో ఫోన్లలోకి తెచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో మా వీధిలో అది ఆడని ఇల్లు లేదు. మా పెద్దత్త కువైట్‌లో ఉన్న కొడుకు గవ్వని చంపి ఇంటికి పంపించేసి, రెండ్రోజులు వాడితో మాట్లాడలేదు. గవ్వ అనే అంటుంది ఆవిడ. అష్టాచెమ్మా భాష. కాబట్టి "నేను గేములు ఆడను" అనేవాళ్ళు ఒకసారి ఫోను చూసుకోండి. (నవ్వులు)

సరే. నా సంగతి. నాకు పదకొండేళ్ళప్పుడు, అంటే 1994 వేసవిలో, గంటస్తంభం దగ్గర్లో ఒక షాపులో టీవీ గేమ్ అద్దెకిచ్చేవారు. రోజుకింత అని. మా చిన్నాన్న కొడుకులూ నేనూ డబ్బులు పోగేసి తెచ్చుకునేవాళ్ళం. దాంతో పాటు పసుప్పచ్చ ప్లాస్టిక్ క్యాసెట్ ఒకటి. దాని మీద పెద్ద అక్షరాలతో '9999 ఇన్ 1'. తొమ్మిది వేల తొమ్మిదివందల తొంభై తొమ్మిది ఆటలు! అద్దె రోజుకే. రాత్రంతా మేలుకుని ఆడినా ఎన్ని అవుతాయని మా వాళ్ళు బెంగపడ్డారు. నేను అప్పటికే లెక్కలపిచ్చిదాన్ని, కాగితం తీసుకుని పేర్లు రాసుకుంటూ కూర్చున్నాను. పందొమ్మిదో పేజీకి వచ్చేసరికి విషయం తెలిసిపోయింది. ఉన్నవి ఇరవై చిల్లర ఆటలు. వాటినే తిప్పి తిప్పి చూపిస్తున్నాడు. మారియో ఒకచోట మొదటి మెట్టు నుంచి, ఇంకోచోట రెండో మెట్టు నుంచి. కాంట్రా ఒకచోట మూడు ప్రాణాలతో, ఇంకోచోట ముప్పై ప్రాణాలతో. నేను చూసిన మొదటి బేరం అది. ఈ ప్రసంగమంతా ఒకరకంగా ఆ క్యాసెట్ గురించే.

ఆ కాంట్రా ముప్పై ప్రాణాలకి ఒక మంత్రం ఉండేది. మీటలు ఈ వరసలో నొక్కాలి: పైకి పైకి, కిందకి కిందకి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ. మా తమ్ముడు సంధ్యావందనం అయినా మరిచిపోయాడు గానీ అది మరిచిపోలేదు. హషిమొటో అనే జపాన్ ప్రోగ్రామరు వేరే ఆటని పరీక్షించడానికి పెట్టుకున్న తాళం అది. ఆట మరీ కష్టంగా ఉంది, తనే గెలవలేకపోతున్నాడు. పని అయ్యాక తీసెయ్యాలి, తీయలేదు. ఆ ఆట 1986లో ఇంటి మెషీన్ల మీదకి వచ్చింది. జపాన్‌లో ఆయన తీయకుండా వదిలేసిన తాళంచెవి, ఎనిమిదేళ్ళకి, నకిలీ మెషీన్‌లో నకిలీ క్యాసెట్‌లో విజయనగరం చేరింది. మా ఊరికి అసలు కంపెనీ సరుకు ఎప్పుడొచ్చింది కనక? ఆ అసలు మెషీను చేసిన జపాన్ కంపెనీ నింటెండో ఇక్కడ దుకాణం పెట్టలేదు. మేం చూసినవన్నీ తైవాన్ నకళ్ళూ, వాటి నకళ్ళూ.

తర్వాత నెట్ సెంటర్లు వచ్చాయి. గంటకి ఇరవై, తర్వాత పదిహేను. రోడ్ రాష్, ఐజీఐ, వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్. వాటి గురించి ఎక్కువ చెప్పలేను, ఎందుకంటే ఆ చీకటి గదుల్లోకి మమ్మల్ని, అంటే ఆడపిల్లల్ని, రానిచ్చేవారు కాదు. ఎవరూ బోర్డు పెట్టలేదు. తలుపు తీస్తే పన్నెండు తలలు ఒక్కసారి ఇటు తిరిగేవి, అంతే, వెనక్కి వచ్చేసేదాన్ని. మా తమ్ముడు ఇంటికొచ్చి చెప్పేవాడు, నేను వినేదాన్ని. సగం గేములు నేను విని ఆడాను.

ఇప్పుడు మన దగ్గర ఏం ఆడుతున్నారు? నా క్లాసులో అడిగాను. తొమ్మిదో తరగతి. చేతులెత్తమంటే ముందు ఎవరూ ఎత్తరు, టీచరుకి దొరికిపోతామని. "నాది బీజీఎంఐలో ఫలానా ర్యాంకు" అని నేను అబద్ధం చెబితే మొత్తం బయటపడ్డారు. (నవ్వులు) బీజీఎంఐ అంటే పెద్దలకి పబ్జీ అంటే తెలుస్తుంది. 2020 సెప్టెంబరు 2న పబ్జీని నిషేధించారు, 2021 జులైలో పేరు మార్చుకుని వచ్చింది, 2022 జులైలో మళ్ళీ తీసేశారు, 2023 మేలో మళ్ళీ వచ్చింది. మా ఇంటి కరెంటు కూడా అన్నిసార్లు పోలేదు. దాని తర్వాత ఫ్రీ ఫైర్ మాక్స్, రోబ్లాక్స్, మైన్‌క్రాఫ్ట్. ఆడపిల్లల్లో లూడో, క్యాండీ క్రష్ ఉంటాయనుకున్నాను. కాదు, వాళ్ళూ ఫ్రీ ఫైరే. సంతోషించాలో లేదో తెలీదు గానీ సంతోషించాను.

నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం క్రికెట్ 07. ఈఏ స్పోర్ట్స్ వాళ్ళు 2006లో విడుదల చేసి, ఆ తర్వాత క్రికెట్ జోలికే రావడం మానేశారు. ఆ గేము పుట్టినప్పటికి నా విద్యార్థులు పుట్టలేదు. అయినా ఆడుతున్నారు! ఎలాగంటే, ఎక్కడెక్కడో కుర్రాళ్ళు కూర్చుని ప్రతి ఏడూ కొత్త ఆటగాళ్ళనీ కొత్త చొక్కాలనీ అందులోకి ఎక్కిస్తుంటారు. పాత పంచెకి అంచు మార్చి కట్టినట్టు. డొక్కు కంప్యూటరు మీద కూడా నడుస్తుంది. మన ప్రాంతంలో గేము నిలబడాలంటే ముందు అది ముఖ్యం.

క్రికెట్ మాట వచ్చింది కాబట్టి మన ఊరి ముచ్చట ఒకటి. గేముల్లో 'పే టు విన్' అని ఒక మాట ఉంది. ఆట రాకపోయినా డబ్బు కడితే పైమెట్టు ఎక్కనిస్తారు. కుర్రాళ్ళు ఇదేదో కొత్త అన్యాయం అనుకుంటారు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన ఇండియా జట్టుకి కెప్టెన్ ఎవరు? మన విజయనగరం మహారాజకుమారుడు విజ్జీ గారు. ఆడినవి మూడు టెస్టులు, చేసినవి మొత్తం 33 పరుగులు. జట్టులో అందరికంటే బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ని మధ్యలో ఇంటికి పంపించేశారు. విజ్జీ గారికి మాత్రం ఆ టూరులోనే సర్ బిరుదు వచ్చింది. ఇప్పటి భాషలో చెప్పాలంటే అకౌంట్ లెవెల్ ఎక్కువ, ఆట తక్కువ. (నవ్వులు) కోటకి దగ్గర్లో కూర్చుని ఈ మాట అనొచ్చో లేదో.

ఉచితం అని ఇచ్చే గేముల్లో డబ్బు ఎలా పుడుతుందో కొంచెం సేపు చెబుతాను, ఇక్కడ తల్లులున్నారు. గేము లోపలే పెట్టెలు అమ్ముతారు. పెట్టెలో తుపాకీకి వేసే రంగు ఉండొచ్చు, ఏమీ ఉండకపోవచ్చు. తీర్థంలో ముల్లు తిప్పే చక్రం గుర్తుందా, పావలా ఇచ్చి తిప్పితే ఎప్పుడూ చాక్లెట్ దగ్గరే ఆగేది, వాచీ దగ్గర ఆగేది కాదు? అదే. మా పిల్లలకి నేను సంభావ్యత పాఠం దీనితోనే చెబుతాను. పెట్టెలో కావలసిన వస్తువు వచ్చే అవకాశం నూటికి ఒకటి అనుకోండి. "నూరు పెట్టెలు తీస్తే తప్పకుండా వస్తుంది టీచర్" అంటారు. రాదు. నూరుగురు పిల్లలు తలా నూరు పెట్టెలు తీస్తే సుమారు 63 మందికి కనీసం ఒకసారి వస్తుంది. మిగతా 37 మంది చేతులూపుకుంటూ ఇంటికి పోతారు. ఒక అబ్బాయి ఈ లెక్క బోర్డు మీద తనే చేసి, కింద కూర్చుని, చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ళ నాన్నగారి యూపీఐ పిన్ను వాడికి తెలుసునని తర్వాత తెలిసింది.

డబ్బు పందెం పెట్టి ఆడే రమ్మీ యాప్‌ల గురించి నేను మాట్లాడను. అవి పేకాట కిందకే వస్తాయి. మన రాష్ట్రం 2020లోనే వాటిని ఆపమంది, కేంద్రం 2025 ఆగస్టులో చట్టం తెచ్చింది. అక్కడితో దాన్ని వదిలేద్దాం.

ఇక నా అసలు బలహీనతకి వస్తాను. సేల్.

కంప్యూటర్ గేములు ఎక్కువగా స్టీమ్ అనే దుకాణంలో అమ్ముతారు. వాల్వ్ అనే కంపెనీది, 2003 నుంచి ఉంది. 2015లో మన రూపాయల్లో ధరలు పెట్టడం మొదలుపెట్టాడు. అంతవరకు మన దేశంలో గేము కొనుక్కున్నవాణ్ణి వెర్రివాడు అనేవారు, బజార్లో కాపీ సీడీ యాభై రూపాయలకి దొరుకుతుంటే. నేనూ ఆ సీడీలు కొన్నదాన్నే, ఇక్కడ దాచేదేముంది. రూపాయల ధర, డిస్కౌంటు, పైన యూపీఐ వచ్చాక నాలాంటివాళ్ళు దారిలో పడ్డారు. దారిలో అంటే, గోతిలో. వేసవి సేల్, శీతాకాలం సేల్, మధ్యలో ఇంకో రెండు. నూటికి డెబ్బై అయిదు తగ్గింపు, ఎనభై తగ్గింపు. మానాపురం సంతకి వెళ్ళి ఎడ్లు కావలసినవాడు ఎడ్లే కొనుక్కుని వస్తాడు గానీ, తక్కువలో వచ్చిందని ఏనుగుని తోలుకురాడు కదా? నేను ఏనుగుల్ని తోలుకొచ్చాను.

మా అమ్మ పద్దుపుస్తకం రాసేది. పాలు, పచారీ, చాకలి. నాకూ అదే అలవాటు. గేములకి ఒక పుస్తకం పెట్టాను. పోయిన సంక్రాంతి సెలవుల్లో దాన్ని కూడితే తేలింది: కొన్నవి 61. అసలు తెరవనివి 38. చివరిదాకా ఆడినవి 9. ఆ రాత్రి నాకు పసుప్పచ్చ క్యాసెట్ గుర్తొచ్చింది. 9999 అని రాసి ఇరవై ఇచ్చినవాణ్ణి చిన్నప్పుడు తిట్టుకున్నాను. ఇప్పుడు 61 అని రాసుకుని తొమ్మిది ఆడుతున్నది నేనే. అక్కడ మోసం చేసింది షాపువాడు, ఇక్కడ ఎవడూ లేడు.

అప్పుడు పుస్తకంలో ఒక గడి కలిపాను. పెట్టిన డబ్బుని ఆడిన గంటలతో భాగించడం. ఒక పెద్ద కంపెనీ గేము, బోలెడు ప్రచారం, నాలుగు వేల గేము 999కి వచ్చిందని ఎగిరి కొన్నాను. నలభై నిమిషాలు ఆడాను. గంటకి దాదాపు 1500 రూపాయలు పడింది. ఆ డబ్బుతో ఇంటిల్లిపాదీ సినిమాకి వెళ్ళొచ్చు, మధ్యలో సమోసాలతో సహా. అదే స్టార్‌డ్యూ వ్యాలీ. ఎరిక్ బరోన్ అని అమెరికా కుర్రాడు, బొమ్మలూ సంగీతమూ కథా అన్నీ తనొక్కడే నాలుగేళ్ళకి పైగా కూర్చుని చేసి 2016లో విడుదల చేశాడు. తాత వదిలిన పొలాన్ని మనవడు సాగు చెయ్యడం, అంతే ఆట. 480 పెట్టి కొన్నాను, 160 గంటలు ఆడాను. గంటకి మూడు రూపాయలు. మా నాన్న వెనకనుంచి చూస్తూ ఉండేవారు. వానపడ్డ రోజు మొక్కలకి నీళ్ళు పొయ్యక్కర్లేదంటే "పర్లేదు, తెలిసినోడే" అన్నారు. ఇరవై ఎనిమిది రోజులకి కాలం మారిపోయి చేలో ఉన్నదంతా ఒక్క రాత్రిలో ఎండిపోతే మాత్రం కోపం వచ్చేసింది. "ఇరవయ్యెనిమిది రోజులకే కారు మారిపోతే రైతేటి తింటాడే?" అని. మర్నాడు మళ్ళీ వచ్చి కూర్చున్నారు, ఈసారి ఏం వేశావని.

అయితే నా భాగహారం కూడా తప్పే. ఇది నాకు ఆలస్యంగా తట్టింది. ఫోన్లో ఒక గేము ఉంది, రంగు రంగు బుడగలు పేల్చేది, పేరు వద్దు. ఉచితం. దాని మీద నేను కొన్ని వందల గంటలు తగలేశాను. నా లెక్క ప్రకారం గంటకి సున్నా రూపాయలు, లోకంలో అంతకంటే మంచి బేరం లేదు. కానీ ఆ గంటల్లో ఏం జరిగిందో నాకు ఒక్కటీ గుర్తు లేదు. అటు 'ఎ షార్ట్ హైక్' అని చిన్న ఆట. ఒక చిన్న పక్షి కొండెక్కాలి, పైన ఫోన్ సిగ్నల్ కోసం. రెండు మూడు గంటల్లో అయిపోయింది. గంట లెక్కలో చూస్తే స్టార్‌డ్యూ కంటే ఎన్నో రెట్లు ఖరీదు. కానీ ఆ కొండ మీంచి కిందికి ఎగిరిన చోటు నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది. అందుకని పుస్తకంలో ఇంకో గడి: 'మర్నాడు గుర్తుందా?' దానికి అంకె లేదు. అవును, కాదు, అంతే. లెక్కల టీచరు అంకె లేని గడి పెట్టిందంటే ఎంత కష్టం వచ్చిందో చూడండి.

పిల్లలు అడుగుతారు కాబట్టి నాలుగు పనికొచ్చే మాటలు. స్టీమ్‌లో కొన్న గేము పధ్నాలుగు రోజుల లోపల, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే, డబ్బు వెనక్కి అడగొచ్చు. చాలామందికి ఈ సంగతి తెలీదు. నచ్చినదాన్ని విష్‌లిస్ట్‌లో పడేసి మూడు సేల్స్ చూడండి, మూడోసారికీ మనసు లాగితే అప్పుడు కొనండి. ఎపిక్ అని ఇంకో గేముల దుకాణం ఉంది, వాళ్ళు గురువారం గురువారం ఒక గేము ఉచితంగా ఇస్తారు. తీసుకోండి, కానీ అదొక కొత్త అటక అని మరిచిపోకండి. ప్లేస్టేషన్ ఉన్నవాళ్ళయితే డిస్కు పట్టేదే కొనుక్కోండి. డిస్కు అయితే ఆడేసి ఇంకొకరికి అమ్మొచ్చు, ఎరువివ్వొచ్చు. డిస్కు గూడు లేని మెషీను కొంచెం తక్కువలో వస్తుంది, ఆ తగ్గిందంతా రెండేళ్ళలో కంపెనీవాడికే తిరిగి కట్టేస్తాం.

ఆన్‌లైన్‌లో కొన్నది మనదా అంటే, కాదు. ఆడుకోవడానికి అనుమతి మాత్రమే. 2014లో యూబీసాఫ్ట్ వాళ్ళ 'ది క్రూ' అని కార్ల గేము వచ్చింది. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఒంటరిగా ఆడుకోవడానికీ లేదు. డబ్బిచ్చి కొన్నవాళ్ళ ఖాతాల్లోంచి అనుమతి కూడా తీసేశారు. ఊళ్ళో థియేటర్ మూసేస్తే మూసేశారనుకుంటాం. మూసేసి, మనింటికొచ్చి పాత టిక్కెట్టు ముక్క కూడా పట్టుకుపోయారు. చాలా దేశాల్లో దీని మీద గొడవ నడిచింది. ఆ పసుప్పచ్చ క్యాసెట్ మా చిన్నాన్న ఇంట్లో ఇంకా ఉంది. ఊది పెడితే ఆడుతుంది.

ఇప్పుడు ఈ బల్ల మీద ఉన్న, కళ్ళకి అడ్డంగా తలకి తగిలించుకునే హెడ్‌సెట్ గురించి. వచ్చిన దగ్గర్నుంచీ అందరి చూపూ దీని మీదే ఉంది.

వర్చువల్ రియాలిటీ అని పేరు పెద్దది గానీ, లోపల ఉన్నది మన పండగల్లో బయస్కోపు పెట్టె. మన రెండు కళ్ళకీ మధ్య ఆరు సెంటీమీటర్ల చిల్లర దూరం ఉంటుంది. అందుకని ఒక్కో కంటికి బొమ్మ కొంచెం తేడాగా కనబడుతుంది. ఆ తేడాలోంచే మెదడు లోతు పుట్టిస్తుంది. చార్లెస్ వీట్‌స్టన్ 1838లోనే రెండు బొమ్మలు రెండు కళ్ళకీ విడివిడిగా చూపించి ఇది నిరూపించాడు. అప్పటికి ఫొటోలు ఇంకా వాడుకలోకి రాలేదు, గీసిన బొమ్మలు. 1968లో ఐవన్ సదర్లాండ్ తల తిప్పితే బొమ్మ కూడా తిరిగే పరికరం చేశాడు. బరువు ఎక్కువై పైకప్పుకి వేలాడదీశారు. 1995లో నింటెండో ఎర్రటి బొమ్మలతో ఒకటి అమ్మబోయి, ఏడాది తిరక్కుండా మానుకుంది. 2012లో పామర్ లకీ అనే కుర్రాడు చందాలు పోగు చేసి ఆక్యులస్ మొదలుపెడితే, రెండేళ్ళకే ఫేస్‌బుక్ రెండు వందల కోట్ల డాలర్లకి కొనేసింది. ఇదిగో, ఇది వాళ్ళ క్వెస్ట్ 2. 2020 మోడలు.

ఇలాంటిది నేను మొదట ఎక్కడ పెట్టుకున్నానంటే, విశాఖలో ఒక మాల్‌లో. కుర్చీలో కూర్చోబెట్టి, తలకి తగిలించి, రోలర్ కోస్టర్ ఎక్కించారు. రెండో మలుపులో నాకు కడుపులో తిప్పింది. మూడో మలుపులో "ఆపు బాబూ" అన్నాను. బయటికొచ్చి మెట్ల మీద అరగంట కూర్చున్నాను. ఆ తర్వాత ఏడాది దాని పేరెత్తలేదు. మీలో కూడా ఎవరికైనా అలా అయిందా? చేతులు... ఆ, నలుగురు.

ఎందుకలా అవుతుందో తెలుసా? సాలూరు ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు బస్సులో పుస్తకం చదివితే వాంతి వస్తుంది కదా. చెవి లోపల ఉన్న ద్రవం "కదులుతున్నాం, మలుపు తిరుగుతున్నాం" అంటుంది, కన్ను పుస్తకం చూసి "ఎక్కడికీ కదలట్లేదు" అంటుంది. ఇద్దరూ చెరో మాటా చెబితే పొట్ట తీర్పు చెబుతుంది. హెడ్‌సెట్‌లో అదే తగాదా తిరగబడుతుంది. కన్ను కొండలు దూకుతోంది, చెవి కుర్చీలో ఉంది. అంటే మొదటిసారి పెట్టుకునేవాళ్ళకి రోలర్ కోస్టర్ చూపించడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. కానీ షాపుల్లో అదే చూపిస్తారు, కేకలు పెడితే జనం పోగవుతారు కదా. మన ఒళ్ళు నిజంగా ఎంత కదిలితే అంతే కదిలే ఆటల్లో ఈ బాధ చాలామందికి ఉండదు. బీట్ సేబర్ అనే ఆటలో నిలబడిన చోటే ఉండి, పాటకి తగినట్టు చేతులతో దిమ్మల్ని నరకాలి. తప్పెటగుళ్ళవాళ్ళకి ఇస్తే మనందర్నీ ఓడిస్తారు.

చవక పెట్టెల గురించి ఒక హెచ్చరిక. ఫోను దూర్చి పెట్టుకునే ప్లాస్టిక్ పెట్టెలు కొన్ని వందలకే దొరుకుతాయి. గూగుల్ 2014లో అట్టతోనే చేసి చూపించింది, దాన్ని తప్పుపట్టను. మా స్కూల్లో గ్రహాలు చూపించడానికి అట్టవి నేనే చేశాను. కానీ దాంట్లో తల తిప్పడం ఒక్కటే ఫోనుకి తెలుస్తుంది. ముందుకి వంగామనుకోండి, తెలీదు. మీరు బావిలోకి తొంగిచూడ్డానికి వంగితే, బావి కూడా మీతో పాటు జరుగుతుంది. అక్కడే తిప్పు మొదలవుతుంది. దీనికైతే నాలుగు మూలలా కెమెరాలున్నాయి, గదిలో మనం ఎక్కడున్నామో, ఎంత వంగామో చూసుకుంటుంది. "అది పెట్టుకున్నాను, బాగులేదు" అని చాలామంది అంటారు. వాళ్ళు పెట్టుకున్నది చాలావరకు అట్టపెట్టే.

ఇది నేను ఒక్కదాన్నే కొనలేదు. మేం కొనే రోజుల్లో కొత్తవి చాలా ఖరీదు. టీచరు జీతానికి అది ఏనుగే. మా తమ్ముడు, ఇద్దరు కజిన్లు, నేను, నాలుగు ఇళ్ళం కలిసి 18,000కి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. నెలకో ఇల్లు, చీటీ తిరిగినట్టు తిరుగుతుంది. ఈ నెల మా వంతు. సెకండ్ హ్యాండే ఎందుకంటే, దీన్ని కొన్నవాళ్ళలో బోలెడుమంది రెండు నెలలు ఆడి బీరువాలో పెడతారు. మా ఇంట్లోనూ నెలంతా ఉంటే మూడోవారం మూలపడుతుంది. మూడు నెలలు దొరక్కపోతే నాలుగో నెల అందరూ ఎదురుచూస్తారు. కొనేటప్పుడు పాత ఆసామి తన ఖాతా తీసేశాడో లేదో మీ కళ్ళముందే చూడండి. లేకపోతే తర్వాత చిక్కే. అద్దాల మీద గీతలు చూడండి. మేడ మీద ఎండలో ఎప్పుడూ పెట్టకండి. ఈ అద్దాలు భూతద్దాలే, ఎండ లోపలికి దూరి తెరని కాల్చేస్తుంది. మన మే నెలలో దానికి రెండు నిమిషాలు కూడా అక్కర్లేదు.

ఇంకో ఆపద మనం పట్టించుకోం. సీలింగ్ ఫ్యాన్. (నవ్వులు) రెండు మీటర్లు చదరంగా ఖాళీ ఉందో లేదో చూసుకుంటాం, పైన ఏముందో చూసుకోం. మా మరిది పొడగరి. పైడితల్లమ్మ పండగలో సిరిమాను ఏటా చూస్తూ, "ఆ చింతమాను కొసన కూర్చుని పూజారిగారు కోటదాకా మూడుసార్లు ఎలా తిరుగుతారో, నేనైతే నవ్వుతూ కూర్చుంటా" అని డబ్బాలు కొట్టేవాడు. దీన్లో ఒక ఆట ఉంది, ఎనభై అంతస్తుల మేడ మీంచి బయటికి చాచిన చెక్క మీద నడవాలి. మేం నేల మీద నిజం చెక్క కూడా ఒకటి వేశాం, కాలికి తగలాలని. మూడంగుళాల ఎత్తు. నేల మీదున్నానని వాడికి తెలుసు, మేమంతా చుట్టూ నవ్వుతున్నాం, వినబడుతోంది. రెండడుగులు వేసి కూలబడిపోయి "వదినా, తీసెయ్ వదినా" అన్నాడు. లేచేటప్పుడు చెయ్యెత్తితే ఫ్యాన్ రెక్క తగిలింది. ఫ్యాన్ ఆపే ఉంది కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి సిరిమాను రోజున ఏమీ మాట్లాడడు.

మా అమ్మ సంగతి చెప్పి ప్రశ్నలకి వెళ్దాం. ఆవిడకి డెబ్బై రెండు. పుట్టింది పూసపాటిరేగ అవతల సముద్రం ఒడ్డు ఊళ్ళో, మా తాత అక్కడ బడిపంతులు. వేటకెళ్ళే తెప్పల్ని చూస్తూ పెరిగింది గానీ, మోకాళ్ళ లోతు దాటి సముద్రంలోకి ఎప్పుడూ దిగలేదు. పంతులుగారి అమ్మాయి దిగకూడదు. దీన్లో సముద్రం అడుగున నిలబడి చూసే దృశ్యం ఒకటుంది. మునిగిపోయిన ఓడ మీద నిలబడతాం, కాసేపటికి తిమింగలం వచ్చి మన పక్కనే ఆగి కన్ను తిప్పి చూస్తుంది. కుర్చీలో కూర్చోబెట్టి పెట్టాను. మొదట "ఏటే ఇది, నీలంగా ఉంది" అంది. తర్వాత ఏమీ అనలేదు. తిమింగలం వచ్చింది. ఆవిడ చెయ్యి చాచింది, మెల్లిగా, ఆవు నుదురు నిమిరేటప్పుడు చాచినట్టు. అది వెళ్ళిపోయాక కిందికి వంగి చూసి, "ఒలమ్మా, నా కాళ్ళేవే?" అంది గాభరాగా. దాంట్లో మన కాళ్ళు కనబడవు. "ఉన్నాయమ్మా, నేను పట్టుకున్నాను" అని పాదాలు పట్టుకున్నాను. "అయితే ఇంకోపాలి రానీ" అంది. మూడుసార్లు రప్పించుకుంది. నా పద్దుపుస్తకంలో ఆ పేజీలో మూడు 'అవును'లు ఉన్నాయి, మా అమ్మే రాయించింది.

(ప్రశ్నలు)

ఒక పెద్దాయన: కళ్ళు పాడవ్వవా అమ్మా?

మంచి ప్రశ్న బాబుగారూ. పాడవుతాయని నేను అనను, అలుస్తాయని మాత్రం గట్టిగా చెప్పగలను. లోకంలో దగ్గరిది చూస్తే కన్ను దగ్గరకి సర్దుకుంటుంది, దూరమైతే దూరానికి. దీన్లో కొండ అయినా, అరచెయ్యి అయినా వెలుగు వచ్చేది ఒకే తెర మీంచి. కనుగుడ్లు లోపలికి తిరుగుతాయి, ఫోకస్ మాత్రం మారదు. ఆ పోట్లాటకి తలనొప్పి వస్తుంది. మా ఇంట్లో ఇరవై నిమిషాలకి అలారం. మూర్ఛ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా పెట్టుకోవద్దు. పదేళ్ళ లోపు పిల్లలకి తయారుచేసినవాళ్ళే వద్దంటున్నారు.

ఒక అబ్బాయి: టీచర్, మా ఇంట్లో గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్. ఏం ఆడొచ్చు?

నీకు నాకంటే బాగా తెలుసు గానీ నా నోటితో అనిపించాలని. (నవ్వులు) స్టార్‌డ్యూ హాయిగా నడుస్తుంది. హాలో నైట్ చూడు, ఆస్ట్రేలియాలో అడిలైడ్ ఊళ్ళో గుప్పెడు మంది చేసింది, పురుగుల రాజ్యం, చేత్తో గీసినట్టుంటుంది. కష్టం, ముందే చెబుతున్నా. బలాట్రో అని 2024లో ఒక్కడు చేసిన పేకముక్కల ఆట ఉంది. పందెం లేదు, డబ్బు లేదు, ఉన్నదంతా గుణకారమే. పదో తరగతి పరీక్షలయ్యాకే తెరువు. ముందు తెరిస్తే నా పేరు చెప్పకు.

ఒకావిడ: రోజుకి ఎన్ని గంటలు ఆడనివ్వచ్చు?

అమ్మా, నేను గంటలు చెబితే మీరు గడియారం పట్టుకుని కూర్చుంటారు. ఒక ఆదివారం పక్కన కూర్చుని ఆ గేములో ఏం జరుగుతోందో వాణ్ణి చెప్పమనండి. చెప్పగలిగితే ఒక రకం, "ఏమో, ఊరికే" అంటే ఇంకో రకం. రెండో రకమైతే నా దగ్గరికి పంపండి, నాదీ అదే జబ్బు.

ఇంక చాలు. ఎదురుగా వస్తువు పెట్టుకుని ప్రశ్నలు అడగడమేమిటి. అందరూ కూర్చునే చూద్దురుగాని, ఎవర్నీ రోలర్ కోస్టర్ ఎక్కించను. చెమట పట్టినా, కడుపులో తిప్పినా ఆగకుండా తీసేయండి, మొహమాటం వద్దు. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి లోపల రింగు వేస్తాను, అద్దాలు ఒకదానికొకటి రాసుకోకుండా. బాబూ, నువ్వు ఆ ఫ్యాన్ ఆపు. మేష్టారూ, ఇందాక నవ్వారు కదా, ముందు మీరే రండి. చెప్పులు అక్కడ విడిచి ఇలా కూర్చోండి. కిందికి చూస్తే కాళ్ళు కనబడవు, కంగారుపడకండి.